కొమ్ము లేని చదువరులు

పక్కింటి బాబాయి గారు పోయారన్న కబురు నేను చింతపండులో గింజలు తీస్తుండగా వచ్చింది. ఫోన్ చేసింది వాళ్ళమ్మాయి. "అక్కా, నాన్న పోయిండు. పొద్దున చాయ్ తాగిండు, సాసరు కింద పెట్టిండు, పేపరు చేతులకు తీసుకున్నడు. గంతే" అంది. తర్వాత ఆ అమ్మాయే, "పేపరు మడత గూడ విప్పలేదక్కా" అంది. అప్పటిదాకా ఆగిన ఏడుపు నాకు ఆ మాట దగ్గర వచ్చింది. దాని వెనకే కొంచెం నవ్వు కూడా వచ్చింది. ఇంకా చదవని కాగితం చేతిలో ఉండగా పోవడం ఆయనకు ఎంత తగ్గట్టుగా ఉందో మీకు తెలియాలంటే, ఒక రబ్బరు స్టాంపు సంగతి చెప్పాలి.

ఆయన నాకు చుట్టం కాదు. మా ఆయన కరెంటు ఆఫీసు ఉద్యోగం మీద దుమ్ముగూడెంలో తొమ్మిదేళ్ళు ఉన్నాం. మేం కిరాయికి దిగిన ఇంటికీ ఆయన ఇంటికీ మధ్య నడుమెత్తు గోడ. నాది పెనుబల్లి దగ్గర పల్లె. మా వైపు పక్కింటి పెద్దమనిషిని బాబాయి గారూ అనడం అలవాటు. ఆయన మొదటి రోజే గోడ అవతల నుంచి "ఏం బిడ్డా, నీళ్ళు పట్టుకున్నవా?" అన్నారు. వరస అక్కడే కుదిరిపోయింది. మూడేళ్ళ కింద మేం ఖమ్మం మారినా ఆ వరస మారలేదు.

నాలుగో రోజు అమ్మాయి మళ్ళీ ఫోన్ చేసింది. "పెద్దకర్మ కార్డు కొట్టిస్తున్నం అక్కా. పేరు కింద ఏం రాయాలె? ఊర్లోవాళ్ళు 'ప్రముఖ మేధావి' అని రాయమంటున్నరు. మీ పుస్తకాల బ్యాచ్‌ల మీరు ఏమని పిలుచుకునేటోళ్ళు?"

"ఎల్లుండి బస్సెక్కుతా. అందాకా ఏమీ కొట్టించకు" అన్నాను. ఎందుకంటే ఆ ప్రశ్న మీద మేమంతా ఒకప్పుడు ఐదు వారాలు కొట్టుకున్నాం. ఆ కొట్లాటలో ఒక మనిషిని పోగొట్టుకోబోయి, మళ్ళీ దక్కించుకున్నాం.

బాబాయి గారు అటవీ శాఖలో గుమాస్తా. ఉద్యోగమంతా కలప డిపోల్లోనే గడిచింది. నరికి తెచ్చిన మొద్దులు కొలిపించి, పుస్తకంలో రాసి, మొద్దు కొసన సుత్తితో ముద్ర కొట్టించడం ఆయన పని. రిటైరై ఎన్నేళ్ళయినా చెవి మీద పెన్సిలు మాత్రం రిటైరు కాలేదు. కొత్త పుస్తకం చేతికిస్తే ముందు అట్ట మీద వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేవారు. మొద్దు లోపల తొర్ర ఉందేమో అలాగే చూస్తారట. "బోలు లేదు బిడ్డా, చదవొచ్చు" అనేవారు. కొన్నిటికి మాత్రం "అట్ట బాగున్నది, లోపల చెద" అనేవారు. చెప్పొద్దూ, అవి నాకూ పది పేజీలు దాటేవి కాదు.

పెన్సిలు చెక్కుకోవడానికి జేబులో సగానికి విరిచిన బ్లేడు ఉండేది, కాగితంలో చుట్టి. ఆ బ్లేడుతో సిరా అక్షరాన్ని కాగితం చిరగకుండా గీకి తీసేయడంలో ఆయన పనితనం చూడాలి. ఒకసారి నా వంటల నోటుబుక్కులో పొరపాటున ఉప్పు రెండుసార్లు రాశాను. ఒక ఉప్పును ఆయన అలా తీసిచ్చారు. అది ఎక్కడుండేదో నాకే తెలియలేదు. "డిపో పుస్తకంల గిట్ల చేస్తే కొలువు ఊడుతది. వంట పుస్తకం గాబట్టి నడిచింది" అన్నారు.

ఆయన వరండాలో వారానికోసారి, సంత రోజు సాయంత్రం, కొంతమంది చేరేవాళ్ళు. కాలేజీ లెక్చరర్ గారు, దవాఖానా కాంపౌండరు, ఇంకో ముగ్గురు నలుగురు. ఎవరో ఒకరు ఏదో ఒకటి పైకి చదివేవారు, మిగతావాళ్ళు పోట్లాడేవారు. నేను గోడకు ఇవతల ఉండి వినేదాన్ని, మధ్యలో చాయ్ పంపేదాన్ని. పదో తరగతి దాటని దాన్ని, అంతకంటే నాకేం పని అనుకునేదాన్ని.

నాకు అన్నీ రాసిపెట్టుకునే అలవాటు. గ్యాస్ బండ ఏ రోజు మార్చానో, ఆవకాయ ఏ రోజు కలిపానో, ఎవరింటి గిన్నె మా ఇంట్లో ఉందో అన్నిటికీ ఒక నోటుబుక్కు ఉంది. ఒక రోజు బాబాయి గారి ఇంటి గిన్నె తిరిగిస్తూ ఆ పేజీలో టిక్కు పెట్టుకుంటుంటే ఆయన చూశారు. నోటుబుక్కు అడిగి తీసుకుని, పేజీలన్నీ తిప్పి, ఇంట్లోకి కేకేశారు: "చూడుండ్రి, గిన్నెకు గూడ రసీదున్న ఇల్లు మండలం మొత్తంల ఇదొక్కటే!" నేను సిగ్గుతో చచ్చిపోయాను. మరుసటి సంత రోజున నన్ను పిలిచి వరండాలో కుర్చీ వేసి, పొడుగాటి రిజిస్టరు ఒకటి చేతిలో పెట్టారు. "వీళ్ళు మాట్లాడుకున్నదంత గాలికి పోతున్నది. నువ్వు రాయి" అన్నారు.

"నాకేం తెలుసు బాబాయి గారూ?"

"గిన్నెలు ఎవరియో తెలుసు గదా. మాటలు ఎవరియో గూడ అట్లనే రాయి."

అలా నేను గోడ దాటాను. ఆయన నాకు నేర్పిన మొదటి పాఠం కూడా ఆ వారమే. ఎవరో తాను ఎన్ని పుస్తకాలు చదివారో చెబుతుంటే మధ్యలో ఆపి, "చదివిందేందో చెప్పు. చదివిన అని చెప్పకు" అన్నారు. రిజిస్టరులో నేను రాసిన మొదటి మాట అది.

మాతో ఇంకో మనిషి కూడా కూర్చునేది. భద్రమ్మ. చర్ల దారిలో అడవి పక్కన గూడెం ఆమెది. అడ్డాకులు తెచ్చి, వెదురు పుల్లలతో విస్తళ్ళు కుట్టి సంతలో అమ్మేది. సంత అయ్యాక బస్సు వచ్చేదాకా బాబాయి గారి వరండా మెట్టు మీద కూర్చుని, మిగిలిన ఆకులు కుడుతూ వినేది. అక్షరం రాదు. ఆయన పనిచేసిన డిపోలన్నీ అలాంటి గూడేల పక్కనే కాబట్టి ఇద్దరూ అప్పుడప్పుడు ఆమె కోయ మాటల్లో ఏదో అనుకుని నవ్వుకునేవారు.

ఆమె నోరు విప్పిన రోజు నాకు బాగా గుర్తు. లెక్చరర్ గారు ఒక కథ చదువుతున్నారు. అందులో గోదావరి వరద గర్జిస్తూ ఊరి మీద పడుతుంది. ఆయన గొంతు కూడా అలాగే పెంచి చదువుతున్నారు. మెట్టు మీద నుంచి భద్రమ్మ, "గోదారి అరవదు సారూ" అంది.

"ఏమిటండీ?"

"అరిచేది వాగు. గోదారి ఉలుకుపలుకు లేకుంట వస్తది. పొద్దున లేచి చూస్తే పొయ్యి కాడ ఉంటది. గది రాసినాయన ఒడ్డున ఉండలే, ఎక్కడ్నో ఉండి రాసిండు."

బాబాయి గారు చెవి మీద పెన్సిలు తీసి, పుస్తకం అట్ట మీద టకటకా కొట్టి, "బోలు దొరికింది" అన్నారు. లెక్చరర్ గారు కూడా నవ్వేశారు. ఆ రోజు నుంచి ఏదైనా చదివాక బాబాయి గారు చివర్న మెట్టు వైపు తిరిగి, "ఏమంటవ్ భద్రమ్మా?" అని అడగడం మామూలైంది. మాలో అందరికంటే తక్కువ మాట్లాడేదీ, అందరికంటే ఎక్కువ గుర్తుండేదీ ఆమె మాటే. నా రిజిస్టరు సాక్షి.

ఇంతలో భద్రాచలంలో ఒక లైబ్రరీ వాళ్ళు మాలాంటి వాళ్ళకు నెలకో పుస్తకాల పెట్టె ఇస్తామన్నారు. దరఖాస్తు మీద మా పేరు, ముద్ర ఉండాలన్నారు. పేరు! అప్పటిదాకా మాకు ఆ ధ్యాసే లేదు.

"మేధావుల వేదిక అందామండి, నిండుగా ఉంటుంది" అన్నారు లెక్చరర్ గారు. ఆయన కృష్ణా జిల్లా నుంచి వచ్చిన మనిషి, ఏదైనా నిండుగా ఉండాలి.

"నేను సూది గుచ్చేటోణ్ణి సారూ" అన్నాడు కాంపౌండరు. "జరం వచ్చినోడు, అమ్మో నాకు మేధావితోని సూది వద్దు అంటే నా బతుకేంగాను?"

మా ఇంట్లో ఆ మాట పొయ్యి మీద పాలు పొంగిపోయినప్పుడే వినబడుతుందని నేను మనసులో అనుకున్నాను. మా అత్తగారు నన్ను చాలాసార్లు మేధావి అన్నారు.

బాబాయి గారు సాసరులో చాయ్ ఊదుకుంటూ, "మందు సీసా మీద 'మంచి మందు' అని రాసినట్టుంటది. గా మాట తాగినోడు అనాలె, సీసా అనొద్దు" అన్నారు. మేధావులు పోయారు.

పండితులు అన్నారొకరు. "ఇంటికొచ్చి ముహూర్తం అడుగుతరు" అన్నాడు కాంపౌండరు. పోనీ సభ్యులు అందాం అన్నారు. "సభ్యులంటే మర్యాదస్తులని గూడ అర్థం. మన అరుపులు విన్న పక్కింటోళ్ళు ఒప్పుకోరు" అన్నారు బాబాయి గారు, నా వైపు చూస్తూ. విజ్ఞాన సంఘం అన్నారు లెక్చరర్ గారు మరుసటి వారం.

"సంఘమా!" కాంపౌండరు లేచి నిలబడ్డాడు. "గా మాట సంచిలో పెట్టుకొని చర్ల బస్సు ఎక్కుతవా సారూ? క్యాంపు కాడ పోలీసోళ్ళు దించి, ఏ సంఘం, ఎందరున్నరు, ఎక్కడ కలుస్తరు అంటరు. పుస్తకాలు చదువుతం అన్నవనుకో, ఇంకింత అనుమానం!"

అందరం నవ్వాం. లెక్చరర్ గారు ఒక్క క్షణం ఆలస్యంగా నవ్వారు. భద్రమ్మ నవ్వలేదు. ఆ బస్సులో వారం వారం వెళ్ళేది ఆమె. "సంఘం వద్దు" అని మాత్రం అంది.

ఐదో వారం, నాలో ఏం ధైర్యం పుట్టిందో, రిజిస్టరులోంచి తలెత్తకుండానే "చదువరులు అంటే?" అన్నాను. అంతే అన్నాను. ఎవరూ కాదనలేదు. లెక్చరర్ గారు రెండుసార్లు పైకి అనుకుని, "తేలిగ్గా ఉంది, తెలుగుగా ఉంది" అన్నారు. కాంపౌండరు జోకు కోసం వెతుక్కుని, దొరక్క ఊరుకున్నాడు. నా మాట ఒకటి పదిమందిలో నిలబడటం జన్మలో అదే మొదటిసారి. ఆ పూట అన్నంలోకి ఏం వండానో కూడా రాసిపెట్టుకోవడం మరిచిపోయాను.

అయితే పేర్ల జాబితా రాస్తున్నప్పుడు లెక్చరర్ గారు ఒక సందేహం వెలిబుచ్చారు. చెడ్డ ఉద్దేశంతో కాదు, ఆయనకు అన్నీ సరిగ్గా ఉండాలి. "భద్రమ్మ గారికి చదవడం రాదు కదండీ. చదువరులు అని రాసి కింద ఆమె పేరు పెడితే రేపు లైబ్రరీ వాళ్ళు అడుగుతారు. ఆమెను శ్రోత అని విడిగా చూపిద్దాం." బాబాయి గారు అప్పటికే మంచినీళ్ళకని లోపలికి వెళ్ళి ఉన్నారు. నాకు ఆ మాట పద్ధతిగానే తోచింది. స్కేలు పెట్టి గీత గీశాను. గీత పైన మా అందరి పేర్లు, కింద 'శ్రోతలు' అని రాసి, ఒకటి వేసి, భద్రమ్మ అని రాశాను.

ఆమె మెట్టు మీద నుంచి మెడ చాచి చూసింది. "ఏం గీసినవ్ బిడ్డా?"

చదివి వినిపించాను.

"మీరంత గీత మీద, నేను గీత కింద" అంది. అక్షరం రాదు కానీ గీత కనబడుతుంది కదా. ఆకుల కట్ట ముడేసుకుని, బస్సుకు ఇంకా గంట టైముండగానే వెళ్ళిపోయింది. మరుసటి వారం రాలేదు. ఆ తర్వాతి వారమూ రాలేదు. సంతలో మాత్రం ఉందని తెలిసింది.

బాబాయి గారు నన్ను ఒక్క మాట అనలేదు. జాబితా చూసి, గీత మీద వేలు పెట్టి అటూ ఇటూ నడిపి, రిజిస్టరు మూసేశారు. తర్వాత, "స్టాంపు మీద ఏం ఉండాలెనో పెద్ద అక్షరాలతోని రాసియ్యి. రేపు భద్రాచలం పోతున్న" అన్నారు. చీటీ మీద 'చదువరులు, దుమ్ముగూడెం' అని రాశాను. మూడుసార్లు సరిచూసుకుని మరీ ఇచ్చాను.

వారానికి స్టాంపు వచ్చింది. కాంపౌండరు ఊదా సిరా పెట్టి తెల్ల కాగితం మీద కొట్టాడు. అందరం వంగి చూశాం. 'చదవరులు, దుమ్ముగూడెం' అని ఉంది.

దకు కొమ్ము లేదు. చదువరులు కాస్తా చదవరులు అయి కూర్చున్నారు. చదివేవాళ్ళం కాదట, చదవనివాళ్ళమట!

కాంపౌండరు నవ్వి నవ్వి స్తంభం పట్టుకున్నాడు. లెక్చరర్ గారి మొహం ఎర్రబడింది. నా సంగతి అడగకండి. గిన్నెల లెక్క కూడా తప్పని దాన్ని, ఒక్క మాట రాసివ్వమంటే కొమ్ము మింగేశాను. "చీటీ ఏది బాబాయి గారూ? నేనే తప్పు రాశానా?" అన్నాను. ఆయన జేబులు తడుముకుని, "చీటీయా? ఎక్కడ్నో పోయింది బిడ్డా" అన్నారు. ఆయన దగ్గర కాగితం పోవడం నేను ఎప్పుడూ వినలేదు. అయినా నా సిగ్గులో నాకు ఆ ఆలోచన తట్టలేదు.

"తిరిగి పంపిద్దామండి" అన్నారు లెక్చరర్ గారు.

"ఎందుకు?" బాబాయి గారు ఆ ముద్రను దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశారు. "సారూ, ముందు ఈ మాటల కొమ్ములెన్ని ఉండె? దుకొకటి, రుకొకటి, లుకొకటి. మూడు. ఏ పశువుకన్న మూడు కొమ్ములుంటయా? ఇప్పుడు రెండే ఉన్నయి. సరిపోయింది."

"అర్థం మారిపోయింది కదండీ!"

"ఏం మారింది? చదవరులంటే చదవనోళ్ళు. ఇంక చదవంది మిగిలున్నోళ్ళు. మీరు మొత్తం చదివిండ్రా? నేను చదవలే. అట్లయితే ఇందుల గీత ఎక్కడ గీస్తరో గీయుండ్రి చూద్దాం."

నేను నా స్కేలు వైపు చూసుకున్నాను.

"ఇంకొక సంగతి" అన్నారు బాబాయి గారు. "డిపోల మొద్దు మీద ముద్ర పడ్డదంటే పడ్డట్టే. చెక్కి తీసి ఇంకోటి కొడితే దొంగ మొద్దు అంటరు. నేను ఉద్యోగమంత దొంగ మొద్దులు పట్టినోణ్ణి. నా వరండాల నాకే కేసు పెట్టకుండ్రి."

తర్వాత ఆయన చెప్పులు తొడుక్కుని, స్టాంపు, సిరా పెట్టె నా చేతికిచ్చి, నన్ను వెంటబెట్టుకుని సంతకు నడిచారు. భద్రమ్మ విస్తళ్ళ దొంతర ముందు కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి మొహం తిప్పుకుంది.

"నాతోని ఏం పని దొరా? నేను సోతనంట గదా. సోత అంటే ఏంది, సోది చెప్పేదా?"

"నీతోనే పని. స్టాంపు తప్పు పడ్డది. చదవనోళ్ళు అని వచ్చింది. మేమేమో చదివినోళ్ళమని ఊరంత చెప్పుకుంటిమి, మేం కొడితే అబద్ధమైతది. నువ్వు కొడితే నిజం ముద్ర. ఇది నీ దగ్గరుండాలె."

ఆమె నా వైపు చూసింది. "గీత?"

"తీసేశాను అత్తా" అన్నాను. అప్పటికి తీయలేదు. ఇంటికి వెళ్ళగానే ఆ పేజీ మొత్తం కొత్తగా రాశాను, గీత లేకుండా, ఆమె పేరు నా పేరుకు పైన. రిజిస్టరులో నేను ఒక పేజీ మార్చి రాసింది అదొక్కసారే.

ఆమె స్టాంపు తీసుకుంది. సిరాలో అద్ది, కాగితం కోసం చూడకుండా, ఒళ్ళో ఉన్న విస్తరాకు మీద కొట్టింది. పచ్చటి ఆకు మీద ఊదా అక్షరాలు తడిగా మెరిశాయి. పక్కన మిరపకాయలమ్మే ఆమె, "ఇగ విస్తరాకుకు గూడ గవర్నమెంటు ముద్రనా!" అంది. భద్రమ్మ అప్పుడు నవ్వింది. నాకు ఊపిరి వచ్చింది.

లైబ్రరీలో దరఖాస్తు తీసుకున్నాయన ముద్ర చూసి, "చదవరులకు పుస్తకాలెందుకండీ?" అని నవ్వాడట. బాబాయి గారు, "చదివినోళ్ళకెందుకు? చదవనోళ్ళకే గదా కావల్సింది" అన్నారట. పెట్టె ఆ రోజే వచ్చింది.

తర్వాత అంతా మామూలే. ప్రతి వారం మేం రిజిస్టరులో సంతకాలు పెట్టేవాళ్ళం, భద్రమ్మ తన పేరు ఎదురుగా స్టాంపు కొట్టేది. మా ముద్రే ఆమె సంతకం. లెక్చరర్ గారు మాత్రం ఒప్పుకోలేదు. ఆరు నెలల పాటు ముద్ర పడ్డ చోటల్లా పెన్ను తీసి దకు కొమ్ము తగిలించేవారు. "సారూ, బర్రెకు కొమ్ము మొలిపించుడు అయిందా?" అని కాంపౌండరు అడిగేవాడు. ఏ వారం నుంచి మానేశారో నా రిజిస్టరు చూస్తే తెలుస్తుంది. ఆయనకు మాత్రం గుర్తు లేదు.

ఇంకో వింత జరిగింది. స్టాంపు ఎప్పుడూ దగ్గరే ఉండడంతో భద్రమ్మకు ఆ అక్షరాలు వచ్చేశాయి. కాకపోతే రబ్బరు మీద ఉన్నట్టు, తిరగేసి! పుస్తకంలో ద చూపిస్తే తెలియదు. అద్దంలో చూపిస్తే ద అనేది. బాబాయి గారు నెల రోజులు గడ్డం గీసుకునే అద్దం పట్టుకుని ఆమెకు పాఠం చెప్పారు. ఆ దృశ్యం చూసి మా ఆయన, "మీ వాళ్ళు చదువుతున్నారా, గడ్డం గీస్తున్నారా?" అన్నారు. నిదానంగా అక్షరాలు తిన్నగా తిరిగాయి. ఇప్పుడు భద్రమ్మ బస్సు బోర్డు ఎవరినీ అడగదు.

ఆ కొమ్ము తప్పు మాత్రం నన్ను వదల్లేదు. అప్పటి నుంచి ఏది రాసినా అక్షరం అక్షరం వేలు పెట్టి చూసుకోవడం అలవాటైంది. ఒకసారి ఆయనతో, "ఎలా తప్పు రాశానో ఇప్పటికీ అర్థం కాదు బాబాయి గారూ" అన్నాను. ఆయన చాయ్ సాసరు వైపే చూస్తూ, "మంచి తప్పు బిడ్డా. ఎవలు చేసిండ్రో గాని మంచి తప్పు" అన్నారు.

నేను వెళ్ళేసరికి అమ్మాయి ఆయన సామాన్లు సర్దుతోంది. చెవి పెన్సిలు, సగం బ్లేడు, కళ్ళజోడు డబ్బా. "డబ్బాల ఇది ఉన్నదక్కా, నీ రాత లెక్కనే ఉన్నది" అని నాలుగు మడతల చీటీ ఒకటి ఇచ్చింది. విప్పాను. నా పెద్ద అక్షరాలు. చదవరులు, దుమ్ముగూడెం. అయ్యో, నిజంగానే తప్పు రాశాను అనుకున్నాను. అనుకుంటూనే అలవాటు కొద్దీ వేలు పెట్టి అక్షరాలు తడిమాను. ద పక్కన కాగితం నున్నగా, పలచగా తగిలింది. కిటికీ వైపు ఎత్తి పట్టుకున్నాను. అక్కడ కొమ్ము ఆకారంలో వెలుతురు కనబడింది.

ఎంత పనితనం! కాగితం ఎక్కడా చిరగలేదు. వంటల పుస్తకంలో ఉప్పు తీసిన చెయ్యే. ఉద్యోగమంతా దొంగ మొద్దులు పట్టిన మనిషి, ఒక్క దొంగ మొద్దు తానే తయారు చేసి, ఆరేళ్ళు నా పేరు మీద నడిపించారు. ఫోటో ముందు నిలబడి, "ఇది మాత్రం బాలేదు బాబాయి గారూ" అన్నాను గట్టిగానే. నవ్వు ఆగలేదు. అమ్మాయి భయపడి నీళ్ళు తెచ్చింది. చెప్పాక తనూ కూర్చుని నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూ. పేరు కింద ఏం రాయాలో ఇక అడగలేదు.

కార్డు మీద పేరు, కింద 'రిటైర్డ్ ఫారెస్టు గుమాస్తా', దాని కింద 'చదవరి' అని రాసి పంపాం. ప్రింటింగు ప్రెస్సు కంప్యూటర్ ఆపరేటర్ రెండుసార్లు 'చదువరి' అని దిద్ది పంపాడు. మూడోసారి లెక్చరర్ గారే ఫోన్ అందుకున్నారు. "తప్పేనండి, తప్పేనని నాకూ తెలుసు. కొమ్ము తీసెయ్యండి" అన్నారు. ఆయన అలా అనగలరని ఆరేళ్ళ కింద చెబితే నేను రిజిస్టరులో రాసేదాన్ని కాదు.

పెద్దకర్మ నాడు విస్తళ్ళన్నీ భద్రమ్మే తెచ్చింది. భోజనాలకు ముందు బాబాయి గారి పేరున వేరుగా ఒక విస్తరి తీశారు, కాకికి పెట్టడానికి. వడ్డించబోతుంటే భద్రమ్మ ఆగమంది. కొంగు ముడిలోంచి స్టాంపు తీసి, సిరాలో అద్ది, ఆకు నడిమధ్యలో గట్టిగా కొట్టింది. సిరా ఆరేదాకా అందరం ఆగాం. దాని మీద అన్నం, పప్పు, ఆయనకిష్టమైన వంకాయ కూర పెట్టి, రెండిళ్ళ మధ్య ఉన్న ఆ నడుమెత్తు గోడ మీద ఉంచాం.

కాకి వెంటనే రాలేదు. "పుస్తకం పెట్టకపోతిరి, వస్తడా?" అన్నాడు కాంపౌండరు మెల్లగా. అన్నాక కాసేపటికి ఒకటి వచ్చి వాలింది. తల పక్కకు వంచి ఆకును చూసింది, ముక్కుతో రెండుసార్లు టకటకా కొట్టింది, తర్వాత తినడం మొదలుపెట్టింది. అది ఒక్కో ముద్ద తీస్తుంటే అన్నం కింద నుంచి ఊదా రంగు బయటపడుతోంది. ముందు చ కనబడింది. తర్వాత కొమ్ము లేని ద. నా పక్కన నిలబడి భద్రమ్మ ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ పైకి చదువుతోంది.